నేను పిలిచిన పిలుపు

గుడివాకలంక,
11 జనవరి 2025

తమ్ముడు ఇస్సాకుకి అక్క సువార్తమ్మ రాస్తున్నది. నువ్వూ ఎలిజబెత్తూ బాగున్నారని తలుస్తాను. నా సంగతి నీకు కొత్తగా చెప్పేదేముంది.

ఫోను ఉండగా ఉత్తరమేమిటి అనుకోకు. నువ్వు "అక్కా" అనగానే మొదలవుతుంది. నువ్వటు ఏడవడం, నేనిటు ఏడవడం, ఈలోగా ఛార్జింగు అయిపోవడం. కాగితం మీదైతే ఏడ్చి, మొహం తుడుచుకుని, మళ్ళీ రాసుకోవచ్చు. నా ఐదో తరగతి చదువు ఇప్పటికి అక్కరకొచ్చింది.

నిన్న మధ్యాహ్నం రిజిస్టరు కవరు ఒకటి వచ్చింది. పోస్టుమ్యాను కొత్తవాడు, మన ఊరు ఎరగడు. "అజయ్ గారి ఇల్లు ఇదేనాండీ?" అని అడిగాడు. ఆ పేరు వాకిట్లో ఎవరైనా పలికి ఐదు నెలలైంది ఇస్సాకూ. "ఎక్కణ్ణుంచి బాబూ?" అన్నాను. "ఢిల్లీ నుంచండీ, ఏదో గేమ్స్ కంపెనీ పేరుంది" అన్నాడు. పోయే ముందు జులై నెలలో వాడు నాతో అన్నాడు, "అమ్మా, నేను చేసిన ఆట చూపిస్తూ ఆ కంపెనీ వాళ్ళకి రాశాను. నచ్చితే పిలుస్తారు" అని. ఆ పిలుపే ఇది అనుకున్నాను. సంతకం పెట్టి తీసుకున్నాను.

లోపల పదహారు కాగితాలున్నాయి. అన్నీ ఇంగ్లీషే. పాస్టరు గారికి చూపిద్దామంటే కైకలూరు ప్రార్థన కూటాలకి వెళ్ళారు. నువ్వు వకీలు దగ్గర గుమాస్తాగా కోర్టు పని చేసేవాడివి, నీకైతే తెలుస్తుందని బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. ఉద్యోగమేనా చూసి చెప్పు. ఇప్పుడొస్తే ఏం చేసుకుంటాం అంటావు. ఏమీ చేసుకోను. వచ్చిందని తెలిస్తే చాలు, వాడి ఫొటో దగ్గర పెట్టుకుంటాను.

ఎండు చేపలు కొన్ని కూడా పంపాను. ఎలిజబెత్‌ని వాసన బయటికి రాకుండా డబ్బాలో పెట్టమను.

నీ అక్క,
సువార్తమ్మ


ఏలూరు,
17 జనవరి 2025

అక్కకి, నమస్కారాలు.

కవరు అందింది. చేపలూ అందాయి. బస్సంతా వాసనొచ్చిందని కండక్టరు నన్ను కోప్పడ్డాడు. ఆఖరికి ఒక గుప్పెడు ఆయనకీ ఇవ్వాల్సి వచ్చింది.

అక్కా, అది ఉద్యోగం కాగితం కాదు. ఎలా చెప్పాలో తెలియక మూడు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. అది వకీలు నోటీసు. మన అజయ్ మీద ఆ కంపెనీ ఇచ్చింది.

నాకు అర్థమైనంత వరకు చెబుతాను. ఆ కంపెనీ వాళ్ళు ఏడెనిమిదేళ్ళ కింద పడవల ఆట ఒకటి అమ్మారు. పిల్లలు డబ్బిచ్చి కొనుక్కున్నారు. లాభం లేదని తర్వాత కంపెనీ ఆ ఆటని నడిపే తన మిషన్లు ఆపేసింది. కొనుక్కున్నవాళ్ళ దగ్గర కూడా ఆట నడవడం మానేసింది. మనవాడూ, తాడేపల్లిగూడెంలో వాడితో డిప్లొమా చదివిన కళ్యాణూ కలిసి, కళ్యాణ్ వాళ్ళ కొట్టు మీది గదిలో వేరే కంప్యూటరు ఒకటి పెట్టి ఆ ఆటని మళ్ళీ నడిపించారు. అందులో కొత్తగా కొల్లేరు కట్టారు. గట్లు, లంకలు, గూడబాతులు, అన్నీ. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. నాలుగు వందల మంది దాకా ఆడుతున్నారట. వాడు జులైలో రాసిన ఉత్తరం చూసే కంపెనీకి ఈ సంగతి తెలిసింది.

ఇప్పుడు వాళ్ళు అడిగేది, ఆట ఆపేయాలి. వాడి కంప్యూటరు అప్పగించాలి. అందులోని బొమ్మలు, శబ్దాలు, మాటలు సమస్తం కంపెనీ సొత్తేనని రాసివ్వాలి. లేకపోతే రెండు కోట్లకి దావా వేస్తారట. ఆ అంకె చూసి కంగారుపడకు. మా వకీలు రత్నమాల గారు చదివి, "ఇస్సాకూ, చనిపోయినవారి మీద వేసిన దావా చెల్లదు. వాళ్ళకి ఆ సంగతి తెలిసినట్టు లేదు. మరణ ధ్రువపత్రం జత చేసి ఒక్క ఉత్తరం రాస్తే సరిపోతుంది" అన్నారు.

ఆ పత్రం నకలు పంపించు. ఇంకే కాగితం వచ్చినా సంతకం పెట్టకు.

నా మోకాలు అలాగే ఉంది. కోర్టు మెట్లు కట్టినవాడికి మోకాళ్ళ నొప్పులు ఉండేవి కావు కాబోలు.

నీ తమ్ముడు,
ఇస్సాకు


గుడివాకలంక,
24 జనవరి

ఇస్సాకూ, దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

నీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. ఆ కవరుని ఆ రాత్రంతా వాడి ఫొటో దగ్గర పెట్టి, తెల్లారి లేవగానే ప్రార్థన చేశాను. నీకు పంపేటప్పుడు ముద్దు కూడా పెట్టి పంపాను. అది తలుచుకుంటే సిగ్గేస్తోంది.

ధ్రువపత్రం పంపుతున్నాను. అందులో "మరణ కారణం: విద్యుదాఘాతం" అని ఉంటుంది. చేపల చెరువులో నీళ్ళకి గాలి కొట్టే మిషను తీగ పట్టుకున్నాడని రాయడానికి అందులో చోటు లేదు. ఎవరి చేపలు ఊపిరాడక తేలిపోతున్నాయని పరిగెత్తాడో రాయడానికీ చోటు లేదు.

నువ్వు కోర్టులో తిరిగేవాడివి, నిజం చెప్పు. వాడు చేసింది దొంగతనమా? నేను ఇలా అనుకుంటున్నాను. ఒకడు దోనె అమ్మాడు. కొన్నవాడు తోలుకుంటున్నాడు. కొన్నాళ్ళకి అమ్మినవాడొచ్చి, నేను ఈ వ్యాపారం మానేశాను, నీ దోనెకి కూడా చిల్లు పెడతాను అన్నాడు. పెట్టేశాడు. ఇంకొకడు వచ్చి ఆ చిల్లు పూడ్చి, ఊరి పిల్లల్ని ఊరికే ఎక్కించుకున్నాడు. ఇందులో దొంగెవడు? చెరువుల దగ్గర అడిగితే అందరూ ఒక్క మాటే చెబుతారు. కానీ కోర్టులో వేరే మాట ఉంటుందేమో, నాకు తెలీదు.

వాడు ఇంట్లో పని చేసుకున్న కంప్యూటరు తీసుకుపోతారా? వాడి మంచం పక్కనే ఉంది. వాడి తువ్వాలు కప్పి ఉంచాను. కరెంటు పెట్టడం కూడా నాకు రాదు. రోజూ దుమ్ము తుడుస్తాను, అంతే. అది పోతే ఆ గదిలో నేను తుడవడానికి ఏమీ ఉండదు.

సంతకం పెట్టొద్దన్నావు. ఇక పెట్టను.

మోకాలికి ఆముదం కాచి రాయించుకో. ఎలిజబెత్ వింటుంది గానీ నువ్వే వినవు.

సువార్తమ్మక్క


ఏలూరు,
10 ఫిబ్రవరి

అక్కా,

ధ్రువపత్రం జత చేసి మా రత్నమాల మేడం గారు ఢిల్లీకి జవాబు పంపారు. ఇక నీకు భయం లేదు. అన్నం తిను. సన్నబడ్డావని మొన్న గుడికి వచ్చినవాళ్ళు చెప్పారు.

కళ్యాణ్‌కి కూడా నోటీసు వచ్చింది. వాళ్ళ నాన్న జనార్దనరావు గారు వాణ్ణి వెంటబెట్టుకుని మా ఆఫీసుకి వచ్చారు. పాపం పెద్దాయన, నలభై ఏళ్ళు కిరాణా కొట్టు నడిపి ఒక్క రోజూ కోర్టు గుమ్మం ఎక్కలేదట. చెప్పులు బయటే విప్పేసి లోపలికి వచ్చారు. "ఏవండీ, మా వాడికి శిక్ష పడుతుందాండీ?" అని గుమాస్తాలందరినీ వరసగా అడిగారు. మేడం గారు ఒక దారి చూశారు. వాడిది తేలిపోతుంది. నువ్వు వాళ్ళ గురించి బెంగపడకు.

మార్చి మొదట్లో వస్తాను. వచ్చేటప్పుడు ఏలూరు తివాచీ ముక్క ఒకటి తెస్తాను, ఆ గదిలో కింద పరుచుకుందువు గాని.

ఇస్సాకు


గుడివాకలంక,
2 మార్చి

ఇస్సాకుకి,

నిన్న కళ్యాణ్ వచ్చాడు. రాగానే కాళ్ళ మీద పడ్డాడు. "లెగరా, చచ్చినవాడు నా కొడుకు, నువ్వెందుకు పడతావు" అన్నాను. జేబులోంచి ఒక కాగితం తీశాడు. తాను రాసిచ్చిన దాని నకలట. ఏముందిరా అంటే తల వంచుకుని చదివి తెలుగులో చెప్పాడు. ఆట నడిపిందంతా అజయ్ ఒక్కడే, నేను గది మాత్రమే ఇచ్చాను, చేసింది తప్పని నాకు తెలీదు, అందులోనివన్నీ కంపెనీవే. ఇదీ వాడు రాసిచ్చింది.

నేను గిన్నెలు కడుగుతున్నాను. చేతిలో గరిటె పక్కన పెట్టి అడిగాను. "మీ ఇంట్లో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చేయలేదురా? ఆదివారం గుడికి కూడా రాకుండా మీ గదిలోనే ఉండేవాడు కదరా?" ఔనాంటీ అన్నాడు. "మరి ఒక్కడే అని ఎలా రాశావురా?" కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇది వాడి బుద్ధి కాదు. కొట్టు నడిపే పెద్దమనిషి బుద్ధి. చచ్చినవాడి నెత్తిన పెడితే వాడొచ్చి కాదంటాడా అనుకుని ఉంటారు. జనార్దనరావు గారికి ఒక ఉత్తరం రాసి వాడి చేతికే ఇచ్చాను. అయ్యా, మీ బిడ్డ బతకాలి, నాకూ అదే కోరిక. కానీ నా బిడ్డని దొంగని చేసిన చేతులతో మా గడప తొక్కకండి. అంతే రాశాను.

ఇప్పుడు అసలు సంగతి. వెళ్ళబోతూ వాడు అన్నాడు, "ఆంటీ, రేపు ఆట ఆపేస్తున్నాను. ఆపే ముందు మీరొకటి చూడాలి" అని. ఫోను తీసి పెట్టాడు. కొల్లేరు, ఇస్సాకూ. మన రేవు. మన రేవులో మూడో మెట్టు విరిగి ఉంటుంది చూడు, అది కూడా విరిగే ఉంది. ఎవరో పిల్లలు దోనెలు తోలుకుంటున్నారు. నిడదవోలు నుంచి ఒకడు, ఉండి నుంచి ఒకతె అని చెప్పాడు. సూర్యుడు కిందికి దిగాడు. నీళ్ళు ఎర్రబడ్డాయి. అప్పుడు ఒడ్డు మీంచి ఒక ఆడమనిషి కేక వేసింది.

"ఒరే అజయూ, అన్నం చల్లారిపోద్ది, దోనె కట్టేసి రారా."

నేనే.

నాకు తెలీకుండా ఎప్పుడు ఎక్కించాడో వాడు. నేను రోజూ రేవు మెట్ల మీద నిలబడి పిలిచే పిలుపే. చివర దగ్గు కూడా ఉంది. ఆ పిలుపు వినపడగానే పిల్లలంతా దోనెలు తిప్పి ఒడ్డుకి కట్టేసుకుంటారట. ఇక ఆ రోజుకి ఆట లేదట. "మీ పిలుపు పడిందంటే మేం లేవాల్సిందే ఆంటీ. మా తాడేపల్లిగూడెంలో అమ్మలందరికీ ఈ ఆటంటే ఇష్టం, పిల్లల్ని అన్నానికి లేపుతుందని. 'సువార్తమ్మ గారు పిలిచారు, లేవరా' అంటుంది మా అమ్మ" అన్నాడు.

నాలుగు వందల ఇళ్ళలో నేను నా కొడుకుని పిలుస్తున్నానట. ఇన్నాళ్ళూ నాకే తెలీదు.

వాడు పోయాక నేను ఒక్కసారి కూడా పిలవలేదు. పొద్దు గూకితే నోరు తెరుచుకుంటుంది, మూసుకుంటాను. ఇప్పుడు చెప్పు. అందులోని శబ్దాలు అన్నీ కంపెనీవే అని రాసిచ్చారు కదా. అంటే నా పిలుపు కూడా వాళ్ళదేనా? నేను కన్న బిడ్డని, నేను వండిన అన్నానికి, నా రేవులో నిలబడి పిలిచాను. ఢిల్లీలో ఉన్నవాళ్ళది ఎలా అవుతుంది?

జవాబు రాయి. తివాచీ ఏమీ వద్దు.

సువార్తమ్మ


ఏలూరు,
9 మార్చి

అక్కా,

ఈ ఉత్తరం చదివి నన్ను తిట్టు. జనార్దనరావు గారిని అనకు.

అలా రాయించింది నేను. ఆయన కాదు. చనిపోయినవాడి మీద ఎలాగూ కేసు నడవదు, భారమంతా అజయ్ మీద పెడితే కళ్యాణ్ బయటపడతాడు, ఇద్దరి మీదా ఏమీ మిగలదు అని మేడం గారికి సలహా ఇచ్చింది నేనే. ఆవిడ ఒకటికి రెండుసార్లు అడిగారు, "మీ అక్కగారితో చెప్పారా?" అని. చెప్పానని అబద్ధమాడాను. ఆ పెద్దాయన సాక్షి సంతకం దగ్గర పెన్ను కింద పెట్టేశారు. "పోయిన పిల్లాడండీ, తప్పు కాదాండీ" అన్నారు. నేనే "పర్లేదండీ, నా మేనల్లుడే" అన్నాను.

ఇంకో సంగతి ఉంది. దీని వల్ల నాలుగు రోజులుగా నాకు నిద్ర లేదు. మన జవాబుకి కంపెనీ వకీలు తిరిగి రాశారు. అజయ్ ఆగస్టులోనే పోయాడన్నది అబద్ధమట. జనవరి 10న వాళ్ళ నోటీసు అతను స్వయంగా సంతకం పెట్టి అందుకున్నాడట. కవరు అందినట్టు సంతకం పెట్టే ఎకనాలెడ్జిమెంటు కార్డు నకలు కూడా జత చేశారు. నేను చూశాను. ఇంగ్లీషులో "అజయ్" అని స్పష్టంగా ఉంది. దాన్ని చూపించి ఢిల్లీ కోర్టులో దావా వేసేశారు. మనిషి దాక్కున్నాడు, సాక్ష్యం చెరిపేస్తాడు అని చెప్పి, మన మాట వినకుండానే ఆర్డరు తెచ్చుకున్నారు. కోర్టు పంపిన కమిషనర్ ఒకరు మీ ఇంటికి వచ్చి కంప్యూటరు పట్టుకుపోతారు.

నువ్వు పెట్టిన తెలుగు సంతకం వాడి పుస్తకంలో ఉంటుంది, కార్డు మీది ఈ ఇంగ్లీషు సంతకం పోస్టుమ్యానే పెట్టేసుకుని ఉంటాడు. ఇల్లిల్లూ తిరగలేక ఇలా చేసేవాళ్ళు ఉంటారు. కవరు నీ చేతికిచ్చి కార్డు మీద తానే గీకేశాడు. వాడి మీద పై ఆఫీసుకి ఫిర్యాదు రాసి పంపాను. ఉద్యోగం పోయినా పోతుంది, కానీ మన అజయ్ బతికున్నాడనే అబద్ధం ముందు పోవాలి.

నీ పిలుపు సంగతి మేడం గారితో చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "వాళ్ళ ఆట వాళ్ళదే, అందులో వాదన లేదు. కానీ దానికి ఆనుకుని ఉన్నదంతా మాదే అనడం అన్యాయం. ఆ గొంతు ఆవిడదేనని తేలాలి" అన్నారు. ముందు ఈ సంతకం గొడవ తేలితే గానీ ఎవరూ మన మాట నమ్మరు.

నీ తమ్ముడినేనని రాసుకునే ధైర్యం చాలడం లేదు.

ఇస్సాకు


గుడివాకలంక,
14 మార్చి

ఇస్సాకూ, ఈ ఉత్తరం అందిన వెంటనే మిగతా పనులన్నీ ఆపి ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకో. ఆ పోస్టుమ్యానుకి నెలల పిల్ల ఉంది. మొన్న మన ఇంట మంచినీళ్ళు తాగుతూ చెప్పాడు.

ఆ సంతకం నాది.

వాడు గూడెంలో చదువుకునేటప్పుడు రిజిస్టరు కవర్లు వచ్చేవి. సర్టిఫికెట్లు, కంప్యూటరు సామాను. వాడు ఇంట్లో ఉండడు, సంతకం లేకపోతే వెనక్కి పోతాయి. ఓ ఆదివారం నన్ను కూర్చోబెట్టి పలక మీద నేర్పించాడు. "అమ్మా, నాలుగే అక్షరాలు. మొదటిది తలలు ఆనించి నిలబెట్టిన రెండు గుంజల్లా ఉంటుంది" అనీ, ఆఖరిది చేప ముల్లులా ఉంటుందనీ చెప్పి, నా చెయ్యి పట్టుకుని దిద్దించాడు. పాత పోస్టుమ్యాను చూసి నవ్వేవాడు, "ఏవండీ అజయ్ గారూ, సంతకం పెట్టండి" అని నన్ను ఆటపట్టించేవాడు. నాకు వచ్చిన ఇంగ్లీషంతా ఆ నాలుగు అక్షరాలే. నా పేరు ఇంగ్లీషులో రాయడం నాకు ఇప్పటికీ రాదు.

ఆ రోజు కొత్తతను అడిగాడు, "అజయ్ గారు ఉన్నారాండీ?" అని. లేడు అనాలి. పోయాడు అనాలి. అంటే కవరు వెనక్కి పోతుంది. వాడికొచ్చిన ఉద్యోగం గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతుంది. నా నోట "పనికెళ్ళాడు బాబూ, నేను పెడతాను" అని వచ్చేసింది. పెన్ను ఇచ్చాడు, నాలుగు అక్షరాలూ రాశాను. చేతికి గుర్తుంది. ఇస్సాకూ, ఆ రెండు నిమిషాలూ వాడు నిజంగా పనికే వెళ్ళాడు.

నువ్వు మొదటి ఉత్తరంలో సంతకం పెట్టొద్దని రాసినప్పుడే చెప్పాలి. భయమేసింది. చచ్చినవాడి పేరు రాస్తే జైలుకి పంపిస్తారని విన్నాను. పంపిస్తే పంపించమను. నేను చేసిన పనికి వాడు అబద్ధాలకోరూ పారిపోయినవాడూ అయ్యాడు. నువ్వు వాడి మీద ఒక్క భారమే పెట్టావు, నేను రెండు పెట్టాను. నీ మీద కోపం లేదని రాయను, ఉంది. కానీ నిన్ను అనడానికి నాకు ఇప్పుడు మొహం లేదు. జనార్దనరావు గారికి ఏం రాయాలో కూడా తెలియడం లేదు.

మేడం గారితో ఇలా చెప్పు. వాళ్ళ ఆట వాళ్ళకి ఇచ్చేస్తాను. వాళ్ళు కట్టిన పడవలు, వాళ్ళ పాటలు, ఏవి వాళ్ళవో అవన్నీ తీసుకుపొమ్మను. అడగకుండా తీసుకోవడం వాడి తప్పే, ఒప్పుకుంటాను. కొల్లేరు మాత్రం వాళ్ళు కట్టలేదు. నా పిలుపు నేను ఇవ్వను.

సువార్తమ్మ


ఏలూరు,
22 మార్చి

అక్కా,

ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. స్వయంగా వెళ్ళి ఆ పోస్టుమ్యానుకి క్షమాపణ కూడా చెప్పాను. అతను "పోనీలెండి, ఆవిడ మా అమ్మ వయసు" అన్నాడు.

మేడం గారు నీ ఉత్తరం చదివి, దాన్నే ప్రమాణ పత్రంగా రాయించాలన్నారు. టైపు చేసిన దాని మీద సంతకం కాదు, నీ చేత్తో, తెలుగులో. నా కొడుకు ఫలానా తేదీన చనిపోయాడు, ఆ సంతకం నేను పెట్టాను, ఇందుకు. అంతే. జైలు మాట ఎత్తకు, ఎవరి సొమ్మూ కాజేయడానికి పెట్టిన సంతకం కాదు అన్నారు. అన్నారే గానీ, రాసేటప్పుడు ఆవిడ పెన్ను కూడా కాస్త ఆగింది. కోర్టు ఏమంటుందో ముందే చెప్పలేం కదా.

కమిషనర్ ఏప్రిల్ 2న వస్తారు. నేను రాలేను. మంగళవారం కోర్టు మెట్ల మీద జారి ఆ మోకాలే విరగ్గొట్టుకున్నాను. పిండికట్టు వేశారు. ఎలిజబెత్ అంటోంది, "మీ అక్కయ్య ఆముదం రాయమన్నారు, రాసుకున్నారా?" అని. మేడం గారు తానే వస్తున్నారు. వాళ్ళ ముందు నువ్వు ఒక్కదానివీ ఎలా నిలబడతావోనని నాకు ఇక్కడ మంచం మీద కాలు ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తుగా ఉంది.

జరిగింది జరిగినట్టు రాయి.

ఇస్సాకు


గుడివాకలంక,
3 ఏప్రిల్

నా తమ్ముడు ఇస్సాకుకి,

కాలు కదపకు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నిన్న పదకొండింటికి రెండు కార్లు వచ్చాయి. కమిషనర్ అంటే మీసాలాయన అనుకున్నాను. భార్గవి అని, ముప్పై కూడా ఉండని పిల్ల, నల్ల కోటు వేసుకుంది. కంపెనీ తరఫున ఒకాయన, ఒక కానిస్టేబులు వచ్చారు. రత్నమాల గారు నా పక్కనే కూర్చున్నారు. కళ్యాణ్ వచ్చాడు. వాడి వెనక జనార్దనరావు గారు వచ్చి గడప బయటే నిలబడ్డారు. నేను రావద్దని రాశానుగా, ఆ మాట పట్టుకుని లోపలికి రాలేదు. ఎండలో నిలబడ్డారు. నేను వెళ్ళి, "లోపలికి రండన్నయ్య గారూ, తప్పు నాది" అన్నాను. ఆయన చెప్పులు విప్పి వచ్చారు.

ప్రమాణ పత్రం నేను ముందు రోజే రాశాను. నాలుగు కాగితాలు పాడుచేశాను. "నా కొడుకు" దాకా రాయడం, ఆగడం. ఐదోసారి కళ్ళు మూసుకోకుండా రాసేశాను. భార్గవి అది చదివి, కార్డు నకలు పక్కన పెట్టి, "ఇక్కడ ఆ నాలుగు అక్షరాలు మళ్ళీ రాయండమ్మా" అంది. రాశాను. రెండూ ఒకటేనని రాసుకుంది. ఆఖరి అక్షరం తోక కూడా ఒకటే.

కంప్యూటరు మీద తువ్వాలు నేనే తీశాను. కళ్యాణ్ కరెంటు పెట్టాడు. కంపెనీవి ఏవో వాళ్ళాయన ఒక్కొక్కటీ చూపిస్తుంటే నకలు తీసుకుని ఇందులోంచి చెరిపేశారు. పడవలు పోయాయి. పాటలు పోయాయి. నేను కిక్కురుమనలేదు. అవి వాళ్ళవి. తర్వాత కొల్లేరు అని ఒకటి వచ్చింది. దాన్నీ చెరిపేయమన్నాడాయన. రత్నమాల గారు ఒప్పుకోలేదు. ఇద్దరూ ఇంగ్లీషులో కాసేపు అనుకున్నారు. ఇంతలో కళ్యాణ్ ఆ శబ్దం నొక్కాడు.

నా పిలుపు వినపడింది. కానిస్టేబులు టోపీ తీశాడు.

కంపెనీ ఆయన మెల్లగానే అన్నాడు, "ఇది ఆటలో ఉంది కదండీ, ఆటలో ఉన్నదంతా మాదే. ఈ గొంతు ఈవిడదేనని ఏమిటి రుజువు?" అని. భార్గవి నా వంక చూసింది. "అమ్మా, ఒక్కసారి... అలాగే పిలిచి వినిపించగలరా?" అంది.

ఇస్సాకూ, నేను అలా పిలిచి ఎనిమిది నెలలు.

నాకు గదిలో రాలేదు. అది గదిలో పిలిచే పిలుపు కాదు. లేచి రేవులోకి నడిచాను. అందరూ వెనకే వచ్చారు. మూడో మెట్టు విరిగింది చూసుకోండి అని చెప్పాను. నిలబడ్డాను. మిట్టమధ్యాహ్నం, నీళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి, ఒక్క దోనె కూడా లేదు. మొదటిసారి గాలే వచ్చింది. రెండోసారి వచ్చింది.

"ఒరే అజయూ, అన్నం చల్లారిపోద్ది, దోనె కట్టేసి రారా."

దగ్గు కూడా వచ్చింది.

భార్గవి వాచీ చూసి టైము రాసుకుంది. ఆ కాగితం మీద కన్నీళ్ళు పడితే, మనలా కొంగుతో కాదు, కోటు చేతితో తుడుచుకుంది. కంపెనీ ఆయన నీళ్ళ వైపు చూస్తూ ఉండిపోయాడు. ఎవరో వస్తారన్నట్టు చూశాడు. నేనూ అటే చూశాను.

అప్పుడు గుర్తొచ్చింది, పొయ్యి మీద ఎసరు కూడా పెట్టలేదని. అన్నం చల్లారిపోతుందని పిలిచి, ఇంట్లో అన్నం లేకపోతే అది అబద్ధం కదా. ఒక్క అబద్ధం ఇంత దూరం తెచ్చింది. అందరినీ కూర్చోమని చెప్పి వండాను. చేపల పులుసు, జనార్దనరావు గారికి చేప తగలని గిన్నెలో పప్పు, ఆవకాయ. ఆయన మా ఇంట తినడం ఇదే మొదలు. ఎవరూ ఆ మాట పైకి అనలేదు, రెండోసారి అన్నం అడిగి పెట్టించుకున్నారు. కేసు పని మీద వచ్చాను, మీ ఇంట తినకూడదు అంది భార్గవి. తర్వాత కాస్త మజ్జిగ తాగింది. కంపెనీ ఆయన లోపలికి రాలేదు. ఆయన కంచంలో వడ్డించి మూత పెట్టి ఉంచాను. కారెక్కే దాకా అలాగే ఉంది. చల్లారిపోయింది.

కంప్యూటరుకి లక్క ముద్ర వేసి నా దగ్గరే ఉంచారు. కొల్లేరూ, పిలుపూ అందులోనే ఉన్నాయి. నెల తర్వాత వాయిదా. ఏమవుతుందో రత్నమాల గారు కూడా చెప్పలేకపోయారు. అజయ్ మీద కేసు మాత్రం ఇక ఉండదన్నారు. పోయినవాడు పోయినట్టు రాసుకున్నారు.

అన్నీ అయ్యాక భార్గవి తన కాగితం కింద సంతకం పెట్టమంది. పెన్ను అందుకోగానే చెయ్యి ఆ నాలుగు అక్షరాల వైపు పోయింది. ఆపాను. తెలుగులో, ఒక్కో అక్షరం కూడబలుక్కుని, నాది రాశాను.

ఇక్కడ కూడా అదే పెడుతున్నాను.

సువార్తమ్మ
(అజయ్ తల్లి)